దేవుడి పంచె మీద పడిందో లేదో

మా ఆయన చేతులు చూస్తే ఎవరూ నేతగాడి చేతులనుకునేవారు కాదు. చాకిరేవులో రోజంతా నానిన చేతుల్లా ఉండేవి. వేళ్ళ సందుల్లో తెల్లగా ఒరిసిపోయి, అరచేతులు గీతలు గీతలుగా పగిలి, ఆ పగుళ్ళలో నెత్తుటి చెమ్మ కనబడేది. గద్వాల చీర అంటే నడుమ నూలు, అంచుకూ కొంగుకూ పట్టు. ఆ పట్టుపోగు నున్నటి చేతిలోనే తెగకుండా నిలుస్తుంది. పగిలిన చేతిలో ఆగుతుందా? ఆయన పట్టుకుంటే చాలు, చర్మం పొరకు చిక్కుకుని టప్పున తెగేది. పట్టుకు మైల తగలకూడదని చేతులు కడుక్కునేవాడు. కడిగి కడిగి ఆ పట్టునే ముట్టలేని చేతులు చేసుకున్నాడు. నేను పక్కన కూర్చుని ఇదంతా చూశాను. ఆపలేకపోయాను.

నాకు చదువు రాదు. నా పేరు కూడబలుక్కుని రాస్తాను, అంతే. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది.

మా పుట్టిల్లు గోపాల్‌పేట. మా నాయన ముతక నేత నేసేవాడు, రైతులు కట్టే ధోవతులు, కప్పుకునే దుప్పట్లు. గద్వాలకు కోడలిగా వచ్చేదాకా పట్టుపోగును చేత్తో పట్టి ఎరగను. అత్త నేర్పింది. ఆయన గుంటలో కాళ్ళు పెట్టుకుని మగ్గం మీద కూర్చుంటే నేను పక్కన అంచు దగ్గర కూర్చునేదాన్ని. పోగు చుట్టి అటూ ఇటూ విసిరే నాడెల్లో నడుమ నూలుది ఆయనది, అంచు పట్టుది నాది. ఆ రెండు పోగులూ ఒకదాన్నొకటి పట్టుకుంటేనే అంచు బట్టను వదలకుండా ఉంటుంది. ఒక్కరితో అయ్యే పని కాదు. ఒకరు లేస్తే రెండోవాళ్ళు నాడె చేతిలో పెట్టుకుని ఆగాల్సిందే. ఆయన ఎన్నిసార్లు లేచాడో ఊళ్ళో ఎవరికీ తెలియకపోయినా నాకు తెలిసింది అందుకే.

మగ్గం ఎక్కే ముందు చేతులు కడుక్కోవడం అందరూ చేసేదే. ఆయన ఎక్కాక కూడా దిగేవాడు. చెంబుడు నీళ్ళు పోసుకుని వచ్చి కూర్చునేవాడు. కాసేపటికి నాడె పక్కన పెట్టి చేతులు చూసుకుని మళ్ళీ దిగేవాడు. దాన్ని ఎవరూ జబ్బనుకోలేదు. మా అత్త నలుగురిలో గొప్పగా చెప్పుకునేది కూడా.

"మావోనికి మడి జాస్తి. బాపనోళ్ళ ఇంట్ల పుట్టాల్సినోడు, తొవ్వ తప్పి నా కడుపుల పడ్డడు."

పక్కింటి వదినె నన్ను ఆటపట్టించేది. "నీ మొగుడు నిన్ను ముట్టుకునే ముంగట నిన్ను గూడ కడుగుతడా ఏందే?"

నేను కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేదాన్ని. అప్పట్లో నాకు అది నవ్వుకునే విషయమే. పొద్దంతా తాగి పడుండే మగవాళ్ళున్న వాడలో నా మొగుడు చేతులు కడుక్కుంటాడు, అదేం తప్పు?

ప్రతి ఏడూ తిరుపతి వెంకన్నకు మా ఊరినుంచి జోడు పంచెలు పోతాయి. తాతలనాటి ఆచారం. వాటిని నేసేవాళ్ళు మండలం రోజులు దీక్ష పడతారు. తలస్నానం, తడిబట్ట, ఒంటిపూట తిండి. ఆ మగ్గం ఉన్న ఇంట్లోకి బయటివాళ్ళు రాకూడదు, ఆడవాళ్ళు అసలే తొక్కకూడదు. నా పెళ్ళయిన కొత్తలో ఒక ఏడు, నేసేవాళ్ళలో ఒకాయన మంచాన పడ్డాడు. మా వాడ పెద్దమనుషులు మా గడపలోకి వచ్చారు.

"అమ్మా, నీ కొడుకును పంపు. ఇంత మడిగల్ల పిల్లగాడు ఈ ఊర్ల ఇంకోడు లేడు" అన్నారు.

 మా అత్త వాళ్ళకు మంచినీళ్ళివ్వడం కూడా మరిచి ఏడ్చింది. నాకూ గర్వంగానే ఉండింది. ఇప్పుడు తలుచుకుంటే అనిపిస్తుంది, ఇలాంటి పొరపాటు మా ఊళ్ళోనే జరుగుతుందని. ఇంకెక్కడైనా అయితే, చేతులు పగిలేలా కడుక్కునేవాణ్ణి చూసి వీడికేదో అయిందనేవారు. మా దగ్గర దేవుడి మగ్గం ఎక్కించారు.

ఆ మండలం రోజులు ఆయన హాయిగా ఉన్నాడట. ఉండడా మరి? అక్కడ అందరూ ఆయనలాగే కడుక్కుంటున్నారు. ఎన్నిసార్లు దిగినా ఎందుకు దిగావని అడిగేవాడు లేడు. పొద్దున్నే స్నానానికి పోతుంటే దూరం నుంచి చూసేదాన్ని, మొహం తేటగా ఉండేది. దేవుడు మంచి చేస్తున్నాడనుకున్నాను.

పంచెలు అయిపోయాయి. పసుపు పెట్టి, హారతి ఇచ్చి, మేళతాళాలతో సాగనంపారు. ఆయన ఇంటికొస్తే వాడంతా వచ్చి కాళ్ళకు మొక్కింది. అందరూ పోయాక అత్త వడ్డించింది. ఆయన ముద్ద కలిపి చెయ్యి అట్లాగే ఆపాడు.

"ఏమే."

"ఏందయ్యా?"

"ఆఖరు దినం నాకు తుమ్మొచ్చింది. మొకం పక్కకు తిప్పిన. తుంపర పంచె మీద పడిందా?"

"నేనక్కడ లేను గద. నాకెట్ల తెలుస్తది?"

"నాకు తిప్పినట్టే యాదికున్నది. కానీ ముందుగాల తిప్పి తుమ్మిననా, తుమ్మినంక తిప్పిననా? నువ్వు చెప్పు. పడలేదను."

"పడలేదు తియ్యి. తిను."

తిన్నాడు. ఆ ఒక్క మాటతో గిన్నె ఖాళీ చేశాడు. ఇంత సులువా అనుకున్నాను నేను.

మర్నాడు మగ్గం మీద మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పాను. ఆ సాయంత్రం అడిగాడు. చీర మీదో, పోగు మీదో అనుమానమయితే తీసి చూసుకోవచ్చు, లేదంటే ఉతుక్కోవచ్చు. ఇది దేవుడి వంటి మీదికి పోయింది. ఎవరు పోయి చూస్తారు? చూసినా ఎండిపోయిన తుంపర కనబడుతుందా? ఆయన అనుమానం పోయి పోయి ఎవరూ తీర్చలేని చోట కూర్చుంది.

తనతో కలిసి నేసినాయన దగ్గరికి పోయి అడిగేవాడు. పాపం ఆయన మంచివాడే. మొదట్లో "లేదు తమ్మీ, నేను సూస్తనే ఉన్న, నువ్వు మొకం తిప్పినవ్" అని ఓపిగ్గా చెప్పాడు. ఎన్నాళ్ళని చెబుతాడు? ఒకరోజు బజారులో నలుగురి ముందు అడిగేసరికి ఆయనకు మండింది.

"పడ్డది పో! గంపెడు పడ్డది! ఎంకన్నకు జలుబు చేసి మూలుగుతున్నడంట, పోయి కషాయం కాసియ్యి!"

అందరూ విరగబడి నవ్వారు. మా ఆయన ఇంటికొచ్చి గోడకు ఆనుకుని కూలబడ్డాడు. "పడ్డదంట" అన్నాడు. ఎగతాళికన్నాడని ఎంత చెప్పినా చెవికెక్కలేదు. రెండు పూటలు ఏమీ ముట్టలేదు. ఆ మాటన్నాయనే తర్వాత వచ్చి, లెంపలు వేసుకుని, ప్రమాణం చేసి, పడలేదని చెబితే మా ఆయన తిన్నాడు. తిని, ఆయన గడప దాటాక నన్నడిగాడు. "గీయన నన్ను సముదాయిద్దామని అబద్ధం చెప్తలేడు గద?"

అప్పటినుంచి ఎంగిలి అంటే భయం పట్టుకుంది. తన నోటి నుంచి ఏదో పడి అన్నిటినీ మైల చేస్తోందని. మాట్లాడితే నోరు కడగాలి, నోరు ముట్టుకున్న చెయ్యి కడగాలి, చెయ్యి తాకిన చెంబు తోమాలి. తనంతట తను నీళ్ళు తోడుకుంటే చేద తాడు చేతికి తగులుతుంది కాబట్టి నేనే తోడి పొయ్యాలి. పైనుంచి ధారగా పొయ్యాలి. నడుమ ధార తెగితే మొదటికి. మా ఇంటి బావి లోతు. వేసవిలో అడుగునుండేవి నీళ్ళు. నేసిన చేతులూ నావే, తోడిన చేతులూ నావే.

మా బిడ్డ పుట్టింది. చంటిపిల్లకు నోట్లోంచి సొంగ కారకుండా ఉంటుందా? ఆయన ఎత్తుకోలేకపోయాడు. తన ఎంగిలి దానికి, దాని ఎంగిలి తనకు. గుమ్మం దగ్గర నిలబడి దాన్ని నవ్వించేవాడు, చిటికెలు వేసేవాడు. అది చేతులు చాపితే వెనక్కి జరిగేవాడు. నాకు మొక్కులూ బంగారాలూ ఏమీ వద్దనిపించేది. ఈ అనుమానం ఆయన్ని వదిలితే చాలు. ఇది పోతుందా, పోదా? దేవుణ్ణయినా మనిషినయినా నేనడిగింది ఆ ఒక్కటే.

అడిగిన ప్రతివాళ్ళూ పోతుందన్నారు. మంత్రగాడు చేతికి తాడు కట్టి, తొమ్మిది రోజుల్లో వదులుతుందన్నాడు. ఆయన ఆ తాడును కూడా కడిగేవాడు. నల్లతాడు తెల్లగా అయ్యి, చివికి, అదే ఊడిపోయింది. మా బావ, అంటే ఆయన అన్న, బీచుపల్లి పోదామన్నాడు. కృష్ణలో మునిగి అంజన్న గుళ్ళో నిద్ర చేస్తే ఎంతటిదైనా పోతుందని ఆయన నమ్మకం. బండి కట్టుకుని పోయాం, ఇటిక్యాల దాటాక పిల్ల ఒకటే ఏడుపు, ఎండ.

ఏట్లో దిగాక ఆయన్ని చూసి నేను నమ్మలేదు. పారే నీళ్ళు. తోడేది లేదు, పోసేది లేదు, చెంబు లేదు, తాడు లేదు. ఒంటికి అంటుకున్నదల్లా వెంటనే కొట్టుకుపోతోంది. చిన్నపిల్లాడిలా మునిగాడు, ఈదాడు. బావ ఒడ్డున నిలబడి, "ఓరేయ్, బయటికి రారా, చేపలు మొలుస్తయ్!" అని కేకలు. పొద్దు వాలే ముందు బయటికొచ్చి, ఒళ్ళు తుడుచుకోకుండానే నా పక్కన కూర్చుని, నా చేతిలో రొట్టె ముక్క తుంచుకుని తిన్నాడు. కడుక్కోలేదు. కదిలితే పాడవుతుందేమోనని నేను రొట్టె పట్టుకున్న చెయ్యి అట్లాగే ఉంచాను.

"చూసినవా మరదలా, అంజన్న పట్టి గుంజి పారేసిండు" అన్నాడు బావ.

పారేశాడనే అనుకున్నాను. ఇంటికొచ్చాక కొన్ని నెలలు మనిషి మనిషిలా ఉన్నాడు. పిల్లను భుజాన ఎక్కించుకుని వీధిలో తిరిగాడు. అది మెడ మీద సొంగ కార్చినా తుడుచుకుని నవ్వాడు. చేతులు పొలుసులు రాలి కొత్త చర్మం వేశాయి. మగ్గం చప్పుడు ఆగకుండా వినబడితే వాడవాళ్ళు తొంగి చూసి పోయేవాళ్ళు. మా అత్త వడపప్పు పంచింది.

శ్రావణం వచ్చింది. దేవుడి పంచెలు నేసేవాళ్ళు దీక్ష పట్టారు. ఆయన్ని మళ్ళీ ఎవరూ పిలవలేదు, మేమూ పంపేవాళ్ళం కాదు. కానీ ఒక పొద్దు ఆయన మగ్గం దిగి పోయి దేవుడి మగ్గమున్న ఇంటి గోడ పక్కన నిలబడ్డాడట. తిరిగొచ్చి, చెయ్యి చాపి, "నీళ్ళు పొయ్యి" అన్నాడు. నేను పోయి బావిలోకి చేద దించాను.

ఆ తర్వాత కొన్నేళ్ళు అలాగే గడిచాయి. ఎక్కేది, తగ్గేది. తగ్గినప్పుడు పోయిందనుకునేదాన్ని. ప్రతిసారీ అనుకునేదాన్ని, బుద్ధి రాలేదు నాకు. ఎక్కినప్పుడు పాత రూపంలోనే రావాలని లేదు. ఒక ఏడు కడగడం తగ్గి, నేసిన బట్టను విప్పడం మొదలయింది. అంచు దగ్గర పోగు పట్టుకుందో లేదోనని నేసిందంతా వేలితో తడిమి చూడటం, అనుమానమొచ్చిన చోట విప్పడం. పొద్దున నేసింది మధ్యాహ్నానికి విప్పేవాడు. ఒక ఏడు తలుపు గొళ్ళెం వేశామా లేదా అని. ఇంకో ఏడు ఏమీ లేదు, ఉత్త అడగడమే. అన్నిటి అడుగునా ఆ తుంపర ఉండేది. మాకు పట్టు ఇచ్చి నేయించుకునే సావుకారు ఇవ్వడం మానేశాడు. అతన్ని తప్పు పట్టను, తెగిన పట్టు ఎవరికి పనికొస్తుంది? మేం ముతక నూలుకు దిగాం, మా నాయన నేసిన నేతకే.

ఒకసారి గోపాల్‌పేట పోయినప్పుడు మా అన్న మమ్మల్ని వనపర్తిలో ఒక ముసలి హకీం దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన నాడి చూశాడు, చేతులు తిరగేసి చూశాడు. లేహ్యం చెంచాతో ఇస్తే, ఆ చెంచా ఎందరి నోట్లో పెట్టిందోనని మా ఆయన మూతి బిగించాడు. హకీం నవ్వాడు. చెంచా పక్కన పెట్టి, ఆకులో వేసి ఇచ్చాడు. మా ఆయన చేతులు కడుక్కోవడానికి బయటికి పోగానే నేను అడిగాను.

"సాబ్, ఇది పోతదా?"

"బేటీ, అబద్ధం చెప్పనా, నిజం చెప్పనా?"

"నిజమే చెప్పుండ్రి."

"నేను ఇసొంటోళ్ళను ఇద్దర్ని చూసిన. ఒకాయన ముసలోడయ్యేదాంక గిట్లనే కడుక్కుంట కడుక్కుంట పోయిండు. ఇంకొకామెకు పిల్లలు పెద్దగైనంక సల్లబడ్డది. మందిచ్చింది ఇద్దరికీ నేనే, అదే మందు. ఎవరికి తగ్గుతది, ఎవరికి తగ్గదు, నాకు తెల్వదు."

"ఇది పిచ్చా?"

"పిచ్చోడు నేను బాగున్ననంటడు. నీ మొగనికి తను చేసేది ఉత్తదని తెలుసు. తెలిసి ఆగలేడు. అదే పరేషాన్." లేహ్యం డబ్బాకు మూత పెడుతూ అన్నాడు. "నువ్వు జర తక్కువ జవాబు చెప్పి చూడు. నువ్వు చెప్పే కొద్దీ ఆ మాటకు ఆకలి లేస్తది."

అందరిలోకీ నన్ను భయపెట్టింది ఆయనే, నాకు నచ్చిందీ ఆయనే.

ఇంటికొచ్చాక ప్రయత్నం చేశాను. అడిగితే పలకలేదు. నీళ్ళు పొయ్యలేదు. ఆయన వాకిట్లో చేతులు రెండూ ముందుకు చాపుకుని కూర్చున్నాడు, ఎక్కడా ఆనకుండా. ఈగలు వాలుతున్నా తోలలేదు. కోపం లేదు, కేకలు లేవు. "నాకు తెలుసే, ఉత్తదే. ఒక్కసారి పొయ్యి, ఇగ అడగ" అంటాడు. ఎండ జరిగి ఆయన మీదికొచ్చింది. మా అత్త అరుగు మీంచి లేచింది.

"నీ మొగడు గట్ల అడుక్కునేటోని లెక్క కూసుంటే నీకు బువ్వెట్ల దిగుతదే? నీళ్ళే గదనే అడుగుతున్నడు!"

ఆమె తోడబోయింది. ముసలిది, బావిలో పడుతుందేమోనని నేనే తోడి పోశాను. ఇంకో రోజు చూద్దామనుకున్నాను. ఆ ఇంకో రోజూ అంతే అయింది. హకీం వనపర్తిలో ఉండి చెప్పాడు. ఈ వాకిట్లో ఉన్నది మేము.

మా బిడ్డకు మాటలు వచ్చాక అదే జవాబు నేర్చుకుంది. ఎక్కడో ఆడుకుంటూ ఉండేది, నాయన నోరు తెరిచేలోపే "పడలేదు నాయినా!" అని అరిచేది. పంచె ఏందో, తుంపర ఏందో దానికి తెలియదు. అది పుట్టకముందటి తుమ్ము అది. ఒకసారి తోటి పిల్లలతో నాయనాట ఆడుతుంటే చూశాను. ఒకతె చేతులు చాపి కూర్చుంది, ఒకతె ఉత్త చిప్పతో పోస్తోంది, అందరూ కలిసి "పడలేదు, పడలేదు" అంటున్నారు. నేను కసురుకోబోయి ఊరుకున్నాను. ఏమని కసరను?

దాని పెళ్ళి నాగర్‌కర్నూల్ సంబంధానికి కుదిరింది. పెళ్ళిలో కన్యాదానానికి ముందు మామ అల్లుడి కాళ్ళు కడగాలి. వారం ముందునుంచీ నాకు ఆ ఘట్టం మీదే ధ్యాస. బావను కూర్చోబెడదామన్నాను. "నా బిడ్డ. నేనే కడుగుత" అన్నాడు ఆయన.

పళ్ళెంలో కాళ్ళు పెట్టాడు అల్లుడు. నేను కొమ్ముచెంబుతో ధార పోస్తున్నాను. ఆయన కడుగుతున్నాడు. వేళ్ళ సందులు, మడమలు. పురోహితుడు మంత్రం అయిపోయి ఆగాడు. ఈయన ఆగలేదు. వియ్యంకుడు వేళాకోళమాడాడు. "మా పిల్లగాని కాళ్ళు గంత మురికున్నయా బావా?" అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు, నవ్వుతూనే మళ్ళీ మొదటి కాలు పట్టుకున్నాడు. నవ్వులు తగ్గాయి. పళ్ళెం నిండి చాప తడిసింది. పెళ్ళికొడుకు బెదిరి వాళ్ళ నాయన వైపు చూస్తున్నాడు. మా ఆయన నుదుటి మీద చెమట, పెదవులు కదులుతున్నాయి, చేతులు మాత్రం ఆగవు. నాకు చెంబు ఎత్తాలో దించాలో తెలియలేదు. అప్పుడు మా బిడ్డ వంగి, బాసికం జారకుండా ఒక చేత్తో పట్టుకుని, ఆయన చెవిలో అంది.

"అయింది నాయినా. నేను చూసిన. శుద్ధమైనయ్."

ఆయన చేతులు తీశాడు.

భోజనాల దగ్గర వియ్యంకుడు నన్ను పక్కకు పిలిచాడు. మంచి మనిషి, మెల్లగానే అడిగాడు. "చెల్లె, గిది పిల్లకు రాదు గద?"

"మా ఇంట్ల ఇంకెవరికీ లేదన్నా" అన్నాను. అది నిజం. వస్తుందో రాదో మాత్రం నాకెలా తెలుస్తుంది?

బిడ్డ అత్తారింటికి పోయిన ఏడాది ఆయనకు తగ్గింది. ఎందుకు తగ్గిందో చెప్పలేను. మందు లేదు, మొక్కు లేదు, ఏరు లేదు. అడగడం పలచబడింది. రోజుకు పదిసార్లు నీళ్ళు పోసేదాన్ని ఒకనాడు చూసుకుంటే పొద్దుటినుంచీ చేద ముట్టలేదు. శ్రావణం వచ్చి పోయింది, ఆయన ఆ గోడ వైపు పోలేదు. చేతుల పగుళ్ళు పూడాయి. సావుకారు అనుమానపడుతూనే ఒక చీరకు పట్టు ఇచ్చాడు. మళ్ళీ ఆయన గుంటలో, నేను అంచు దగ్గర. ఇద్దరికీ జుట్టు నెరిసింది. ఒక్క పోగు తెగలేదు. చీర దింపి మడత పెడుతుంటే ఆయన అన్నాడు.

"ఏమే, ఇప్పుడు నువ్వే నా చేతుల దిక్కు సూస్తున్నవ్ గద. ఏమైంది?"

"ఏం లేదు."

"మల్ల వస్తదనా?"

నేను చీర చెంగు అందుకుని పట్టుకున్నాను.  ఆయన మడత నలగకుండా సరిచేశాడు.

మరుసటి ఎండాకాలం ఊళ్ళో గత్తర, అంటే కలరా, తగిలింది. ఈ వాడలో ఒకరు, ఆ వాడలో ఇద్దరు. దండోరా వేశారు, నీళ్ళు కాచి తాగండి, చేతులు కడుక్కుని తినండి అని. మా ఆయన అరుగు మీద కూర్చుని విని పకపక నవ్వాడు. "ఇన్నవా? ఊరంత నా లెక్కనే అయితుంది!" ఆ నవ్వు చూసి నేనూ నవ్వాను. పెళ్ళయిన కొత్తలో తప్ప అంతగా నవ్వింది లేదు.

తర్వాత ఆయనకే తగిలింది.

ఆయన పోయాక జనం రకరకాలుగా అన్నారు. "బాగై పోయిండు, అదృష్టవంతుడు, ఆఖర్ల ఆ పీడ వదిలింది" అన్నాడు బావ. పక్కింటి వదినె, "ఎప్పటి లెక్క కడుక్కుంటుంటే బతికేటోడేమో" అంది. దానికి నాకు ఒళ్ళు మండింది. ఏ నీళ్ళతో కడుక్కునేవాడు? ఆ బావి నీళ్ళతోనేగా? గత్తర ఉన్నది ఆ నీళ్ళలోనే. కడుక్కున్నవాళ్ళూ పోయారు, కడుక్కోనివాళ్ళూ పోయారు. బావ మాటే నన్నింకా తొలుస్తోంది. వదిలిందా? ఇంతకుముందు కూడా వదిలింది. నెలలకు నెలలు వదిలి, మళ్ళీ వచ్చింది. ఇంకో శ్రావణం బతికి ఉంటే తెలిసేదేమో. ఇంకో రెండు చూసినా తెలిసేది కాదేమో.

గత్తర తగిలిన ఆ రోజు పొద్దున మొదలయింది, మధ్యాహ్నానికి మనిషి పీక్కుపోయాడు. ఎవరూ దగ్గరికి రాలేదు, రావద్దనే చెప్పాను. వాంతులు, విరేచనాలు, మంచం, బట్టలు, ఆయన చేతులు, గడ్డం, అంతా. బతుకంతా ఏ మైలకు భయపడ్డాడో అందులోనే పడి ఉన్నాడు. నేను తుడుస్తున్నాను, మళ్ళీ అవుతోంది, మళ్ళీ తుడుస్తున్నాను. నా చేతులూ అంతే ఉన్నాయి. ఇప్పుడు చెయ్యి చాపుతాడు, ఇప్పుడు నీళ్ళు పొయ్యమంటాడు అని చెంబు నిండా పక్కన పెట్టుకున్నాను. ఆయన కళ్ళు తెరిచి తన చేతులు చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత నన్ను చూశాడు.

"పొయ్యన్నా?" అని నేనే అడిగాను.

చెయ్యి కొంచెం కదిలింది. పొయ్యమన్నాడో, వద్దన్నాడో. నేను వంగి మళ్ళీ అడిగాను. ఆ చేతిని పట్టుకుని కూర్చున్నాను, తుడవకుండానే. విడిపించుకోలేదు. ఆ అనుమానం పోయిందో, విడిపించుకునే బలమే పోయిందో.